రైలు లేని ఊరి రైలు రూట్లు

ఫోన్‌లో రైలు టికెట్ల యాప్ తెరిచి, స్టేషన్ పేరు దగ్గర ‘కోరుకొండ’ అని కొట్టి చూడండి. ఒక స్టేషన్ వస్తుంది. కానీ అది మా ఊరు కాదు. విజయనగరం దగ్గర, సైనిక్ స్కూల్ ఉన్న కోరుకొండ అది. అలమండకీ విజయనగరానికీ మధ్య మెయిన్ లైన్ మీద ఉంటుంది. మాది తూర్పుగోదావరి కోరుకొండ. ఆరువందల పైచిలుకు మెట్లెక్కితే కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, కింద చూస్తే చుట్టూ పొలాలు, ఫాల్గుణ మాసం వస్తే తీర్థం. రెండు కోరుకొండల మధ్యా చాలా దూరం.

మా కోరుకొండకి రైలు లేదు. తమాషా ఏంటంటే విమానం ఉంది! టికెట్ మీద ‘రాజమండ్రి’ అని ఉంటుంది గానీ, ఆ విమానం దిగే మధురపూడి మా మండలంలోనిదే. పొలంలో పనిచేసుకునేవాళ్ల నెత్తి మీద నుంచే వచ్చి వాలుతుంది. రైలు కూత వినాలంటే మాత్రం 20 కిలోమీటర్లు రాజమండ్రి వెళ్లాలి. విమానం టికెట్ కొనగలిగేవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉంటారో వేరే చెప్పక్కర్లేదు కదా. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, తాడేపల్లిగూడెంలో చుట్టాల పెళ్లికన్నా, అన్నవరంలో వ్రతానికన్నా, విశాఖలో ఇంటర్వ్యూకన్నా మాకు రాజమండ్రి స్టేషనే దిక్కు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ‘హబ్’ అనే మాట ఆఫీసులో రోజుకి పదిసార్లయినా వినబడుతుంది. పది దారులు కలిసే చోటు హబ్ అని సులువుగా చెప్పేస్తాం. రాజమండ్రి మీదుగా వెళ్లే రైళ్లని కాస్త శ్రద్ధగా చూశాక నాకు ఆ అర్థం చాలదనిపించింది. అదెందుకో చెప్పాలంటే ముందు రూట్లు తెలియాలి. పదండి, బస్సు దగ్గర నుంచే మొదలెడదాం.

బస్టాండ్లే దాని బ్రాంచి లైన్లు

రాజమండ్రిలో గోకవరం బస్టాండ్ అని ఉంది. కోటిపల్లి బస్టాండ్ అని ఇంకోటి ఉంది. రాజమండ్రి నడిబొడ్డున వేరే ఊళ్ల పేర్లెందుకంటే, బస్సులు ఎటెళ్తాయో ఆ పేరే స్థిరపడిపోయింది. మా కోరుకొండ గోకవరం రూట్లో ఉంటుంది. ఆ రోడ్డే ముందుకి వెళ్లి రంపచోడవరం, మారేడుమిల్లి ఏజెన్సీ ఎక్కుతుంది. అంటే మా మెట్ట ఊళ్లకే కాదు, ఆ కొండల్లోని గూడేల వాళ్లకి కూడా దగ్గరి పెద్ద రైల్వే స్టేషన్ రాజమండ్రే.

ఇంకో విషయం గమనించారా? విజయవాడ స్టేషన్ బోర్డు మీద ‘జంక్షన్’ అని ఉంటుంది. చెన్నై, సికింద్రాబాద్, విశాఖ, గుంటూరు, గుడివాడ వైపులకి అక్కడి నుంచి రైళ్లు చీలిపోతాయి. రాజమండ్రి బోర్డు మీద ఆ మాట ఉండదు. నిజానికి రాజమండ్రిలో ఏ లైనూ చీలదు. హౌరా–చెన్నై మెయిన్ లైన్ ఇటు నుంచి వచ్చి అటు వెళ్తుంది, అంతే. లైన్లు చీలేది రెండు పక్కలా ఉన్న ఊళ్లలో. తూర్పున 50 కిలోమీటర్ల దూరంలో సామర్లకోట జంక్షన్, పడమరన గోదావరి దాటాక 20 కిలోమీటర్ల చిల్లరలో నిడదవోలు జంక్షన్.

మరి జంక్షన్ కాని ఊరు హబ్ ఎలా అయింది? పట్టాలు చీలకపోయినా జనం చీలతారు కాబట్టి. రైలు దిగినవాళ్లు గోకవరం వైపు కొందరు, కోటిపల్లి వైపు కొందరు, కాంప్లెక్సుకి కొందరు. రాజమండ్రికి బస్టాండ్లే బ్రాంచి లైన్లు అన్నమాట.

నది ఆపేసిన రైలు

ఈ ఊరికి ఆ అలవాటు కొత్తది కాదు. 1893 నాటికి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వాళ్లు ఇటు బెజవాడ నుంచి కొవ్వూరు దాకా, అటు రాజమండ్రి నుంచి వాల్తేరు వైపు పట్టాలు పరిచారు. మధ్యలో గోదావరి. దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. వంతెన లేదు. ఇటు నుంచి వచ్చినవాళ్లు కొవ్వూరులో మూటాముల్లే దింపుకొని, నది దాటి, రాజమండ్రిలో మళ్లీ రైలెక్కాలి. అంటే మొదటి రోజుల్నుంచీ రాజమండ్రి ‘దిగి మారే’ ఊరే.

1897 నవంబరులో వంతెన పని మొదలైంది. 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. 56 ఖానాల ఆ వంతెనకి అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు. దాంతో మద్రాసు, కలకత్తాల మధ్య తీరం వెంట తెగిన దారి అతుక్కుంది. 1997 దాకా, అంటే దాదాపు వందేళ్లు, ఆ వంతెన రైళ్లని మోసింది. ఇప్పుడు దాని మీద రైళ్లు లేవు. పక్కనుంచి వెళ్తుంటే ఖాళీగా నిలబడి కనిపిస్తుంది.

రెండోది 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన. పైన బస్సులు, కింద రైళ్లు. కొవ్వూరు వెళ్లే బస్సులో కూర్చుంటే కాళ్ల కింద రైలు వెళ్తున్న చప్పుడు తెలుస్తుంది. మూడోది 1997లో వచ్చిన ఆర్చి వంతెన. విల్లుల్లాంటి కాంక్రీటు కమానులు వరసగా 28. ఇన్‌స్టాలో రాజమండ్రి అని వెతికితే ముందొచ్చే ఫొటో అదే. మూడు వంతెనలూ కలిపి చూడాలంటే గట్టు మీద సాయంత్రం నిలబడండి చాలు.

వంతెన పక్కనే ‘గోదావరి’ అనే చిన్న స్టేషన్ కూడా ఉంది. రాజమండ్రి ఊళ్లోనే రెండో స్టేషన్. ప్యాసింజర్లు, కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు అక్కడా ఆగుతాయి. గట్టు వైపు వెళ్లేవాళ్లు అక్కడ దిగితే ఆటో డబ్బులు కలిసొస్తాయి.

తూర్పు వైపు: పూలు, బట్టలు, బియ్యం

రాజమండ్రిలో తూర్పు వైపు ప్యాసింజర్ ఎక్కితే మొదట కడియం. నర్సరీల ఊరు. దేశంలో ఏ మూల కొత్త పార్కు పెట్టినా ఇక్కడి మొక్క ఒకటి ఉంటుందని చెప్పుకుంటారు. తర్వాత ద్వారపూడి, బట్టల కొట్లకి పేరు. పెళ్లి బట్టలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికే. ఆ తర్వాత అనపర్తి, బియ్యం మిల్లుల ఊరు. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్లున్నాయి. వెయ్యేళ్ల పైనాటి రాళ్లు స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉంటే, మనం సెల్ఫీల కోసం హంపీ టికెట్లు వెతుక్కుంటాం. ఇంకాస్త ముందుకెళ్తే సామర్లకోట. పంచారామాల్లో ఒకటైన కుమారారామం అక్కడే.

సామర్లకోటలో దారి రెండుగా చీలుతుంది. మెయిన్ లైన్ నేరుగా పిఠాపురం, అన్నవరం, తుని, అనకాపల్లి మీదుగా విశాఖ వెళ్తుంది. రాజమండ్రి నుంచి విశాఖ 200 కిలోమీటర్లు. రెండో లైన్ 15 కిలోమీటర్ల లోపే కాకినాడ చేరుతుంది. జిల్లా కేంద్రం, ఓడరేవు, మెడికల్ కాలేజీ ఉన్న కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు. అందుకే విశాఖ–విజయవాడ రైళ్లలో చాలావరకు సామర్లకోటలో కాకినాడ జనాన్ని దింపేసి వెళ్లిపోతాయి.

కాకినాడ నుంచి ఇంకో బుల్లి లైన్ ఉంది. కోటిపల్లి దాకా 45 కిలోమీటర్లు. దాని కథ సినిమా కథలా ఉంటుంది. 1928లో వేశారు. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ 2004 దాకా అటు రైలు లేదు. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన జీఎంసీ బాలయోగి కోనసీమకి రైలు కావాలని పట్టుబట్టిన మనిషి. ఆ లైన్ మళ్లీ మొదలయ్యేసరికి ఆయన లేరు. కరోనాకి ముందు దాకా ఆ లైన్ మీద ఒంటిపెట్టె రైలుబస్సు తిరిగేది. పచ్చటి చేల మధ్య బస్సంత రైలు! కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైన్ 2000–01లో మంజూరైంది. పాతికేళ్లయింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇంజినీరింగ్ చదివి ఉద్యోగాల్లో చేరిపోయారు.

పడమర వైపు: ఒక నది, రెండు దారులు

ఇటు పక్క ప్యాసింజర్ ఎక్కితే మొదట గోదావరి స్టేషన్, తర్వాత వంతెన. ఎంత అలవాటైనవాళ్లయినా ఆ కాసేపూ ఫోన్ పక్కన పెడతారు. పెద్దవాళ్లు ఇప్పటికీ చిల్లర తీసి నదిలోకి విసురుతారు. దాటగానే కొవ్వూరు. తర్వాత పశివేదల, చాగల్లు, నిడదవోలు.

నిడదవోలులో మళ్లీ రెండు దారులు. ఒకటి తాడేపల్లిగూడెం, భీమడోలు, ఏలూరు మీదుగా విజయవాడ వెళ్లే మెయిన్ లైన్. రాజమండ్రి నుంచి విజయవాడ దాదాపు 150 కిలోమీటర్లు. రెండోది తణుకు, భీమవరం వైపు దిగుతుంది. భీమవరం నుంచి నరసాపురం ఒక పక్క, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా విజయవాడ ఇంకో పక్క. ఒకప్పుడు ఈ డెల్టా లైన్ సింగిల్ ట్రాక్. ఎదురు రైలొస్తే ఒకటి ఆగాల్సిందే. విజయవాడ, గుడివాడ, భీమవరం, నరసాపురం, మచిలీపట్నం, నిడదవోలు కలిపి 221 కిలోమీటర్లు డబ్లింగు చేసి, కరెంటు లైను కూడా వేశారు. మెయిన్ లైన్ మీద ఏదైనా ఇబ్బంది వస్తే రైళ్లని భీమవరం మీదుగా మళ్లిస్తున్నారంటే కారణం ఇదే. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ సర్వర్ లాంటిది.

పేరున్న రైళ్లు, పేరు లేని రైళ్లు

ఇక రైళ్ల సంగతి. రాజమండ్రి వాళ్లకి రైళ్లు చుట్టాల్లాంటివి. పేర్లు పెట్టి పిలుస్తారు. పొద్దున్నే విజయవాడలో బయల్దేరి విశాఖ వెళ్లి, మధ్యాహ్నం తిరిగి బయల్దేరే రత్నాచల్. గుంటూరుకీ విశాఖకీ మధ్య పగటిపూట తిరిగే సింహాద్రి. విశాఖ నుంచి హైదరాబాద్ వైపు పగలు వెళ్లే జన్మభూమి. రాత్రికి గోదావరి, గౌతమి. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు–హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌గా మొదలైంది. 2024లో 50 ఏళ్లు నిండితే జనం కేకు కోసి పండగ చేశారు. హైదరాబాద్‌లో ఉండే గోదావరి జిల్లాల వాళ్లు ఏదో ఒకసారి ఆ రైలు టికెట్ కోసం తత్కాల్‌లో కుస్తీ పట్టినవాళ్లే. 2023 సంక్రాంతి రోజు, అంటే జనవరి 15న, విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ వచ్చింది. విశాఖ నుంచి రాజమండ్రి రెండు గంటల పైచిలుకులో వచ్చేస్తుంది.

వీటన్నిటి మధ్య పేరు లేని రైళ్లు కొన్నున్నాయి. రాజమండ్రి–విశాఖ, రాజమండ్రి–విజయవాడ, కాకినాడ–విజయవాడ, భీమవరం వైపు ఇంకొన్ని. వీటిని జనం ‘ప్యాసింజర్’ అనే పిలుస్తారు. ఇప్పుడు చాలావరకు మెమూలు. మెమూ అంటే విడిగా ఇంజిను ఉండదు. కొన్ని పెట్టెల్లోనే మోటార్లుంటాయి. రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. స్టేషన్ నుంచి కదిలితే చప్పున వేగం అందుకుంటుంది. చివరి స్టేషన్లో ఇంజిను అటు నుంచి ఇటు మార్చే పని లేదు. ప్రతి ఐదారు కిలోమీటర్లకి ఆగాల్సిన రైలుకి ఇంతకంటే మంచి డిజైన్ లేదు.

అయినా ప్యాసింజర్ లేటవుతుందని అందరూ తిడతారు. దానికి కారణం బండి కాదు, దారి. ఈ లైన్ మీదే వందే భారత్ వెళ్లాలి, కోరమాండల్ వెళ్లాలి, విశాఖ ఓడరేవు నుంచి వచ్చే బొగ్గు, ఎరువుల గూడ్సులూ వెళ్లాలి. అన్నిటికీ కలిపి రానూపోనూ రెండే పట్టాలదారులు. వెనక వేగంగా వచ్చే బండి ఉంటే, ముందున్న నెమ్మది బండిని స్టేషన్లో పక్క లూప్ లైన్లోకి తప్పిస్తారు. పెద్ద బండి దూసుకుపోయాక దీన్ని వదులుతారు. కంప్యూటర్ చదువుకున్నవాళ్లకి ఇది తెలిసిన లెక్కే, ప్రయారిటీ క్యూ. అందులో అన్నిటికంటే అడుగున ఉండేది ప్యాసింజర్. పైన కొత్త రైలు ఒకటి చేరిన ప్రతిసారీ కింద ఉన్నదానికి ఇంకో ఐదు నిమిషాలు ఎదురుచూపు.

నేను ఇంజినీరింగ్ చదివింది కాకినాడ వైపు. శనివారం సాయంత్రం ప్యాసింజర్లో ఇంటికి రావడం అలవాటు. ఒకసారి నా ఎదురుగా ఓ పెద్దావిడ, కాళ్ల దగ్గర ఖాళీ పూలబుట్ట. మేడపాడులో దిగాలి. అప్పటికే లూప్ లైన్లో ఇరవై నిమిషాలైంది.

“ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చుగా అత్తా, తొందరగా వెళ్లిపోయేదానివి” అన్నాను.

“తొందరగా ఎక్కడికెళ్తాను బాబూ? అది మా ఊళ్లో ఆగదు కదా. ఏగంగా ఎళ్లి రాజమండ్రిలో దింపేత్తాది. మళ్లీ ఎనక్కి నువ్వు తీసుకొత్తావా ఏంటి?” అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. రైలు వేగం గురించి నేను చదివిన లెక్కలన్నిటికంటే ఆవిడ మాటే నాకు బాగా అర్థమైంది. ఆగని రైలు వేగం ఎంతైతే ఏం?

నంబర్లో దాగిన కథ

రైలు నంబర్లు ఊరికే వేసినవి కాదు. చిన్న కోడ్ అది. తెలిస్తే యాప్‌లో బండి చూడగానే దాని సంగతి చెప్పేయొచ్చు. మొదటి అంకె 1 లేదా 2 అయితే దూరం వెళ్లే మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండి. సింహాద్రి 17239లో 1 అంటే ఎక్స్‌ప్రెస్, 7 అంటే దక్షిణ మధ్య రైల్వే. రత్నాచల్ 12717లో ముందున్న 12 సూపర్‌ఫాస్ట్ అని చెప్తుంది. మొదటి అంకె 5 అయితే ఇంజిను కట్టిన ప్యాసింజర్, 6 అయితే మెమూ, 7 అయితే డెమూ. మరి 0? అది స్పెషల్. పండక్కి అదనంగా వేసే రైలు, ఉండొచ్చు, తీసేయొచ్చు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2020 మార్చి 22 తర్వాత దేశమంతా ప్యాసింజర్లు ఆగిపోయాయి. ఎక్స్‌ప్రెస్‌లు కొన్ని నెలల్లో ఒక్కొక్కటే మొదలయ్యాయి. మన వైపు ప్యాసింజర్లు మాత్రం 2021లో గానీ పట్టాలెక్కలేదు. ఎక్కాక చూస్తే నంబర్ ముందు 0 ఉంది. రోజూ తిరిగే పాలబండి లాంటి రైలు స్పెషల్ అయిపోయింది. స్పెషల్ కాబట్టి ఎక్స్‌ప్రెస్ చార్జీ. అంతకుముందు కనీస టికెట్ 10 రూపాయలు. ఇప్పుడు 30. అదే బండి, అవే స్టేషన్లు, అదే లూప్ లైన్లో ఎదురుచూపు. చార్జీ మాత్రం మూడు రెట్లు.

మనకి 20 రూపాయలు ఒక టీ, బిస్కెట్ ఖర్చు. కడియం నుంచి రాజమండ్రికి రోజూ పూలు తెచ్చుకునే మనిషికి రానూపోనూ 40 రూపాయలు ఎక్కువ. నెలకి 25 రోజులు తిరిగితే 1,000 రూపాయలు. చాలామంది షేర్ ఆటోలకి మారిపోయారు. 2024 ఫిబ్రవరి చివర్లో పాత చార్జీలు తిరిగొచ్చాయి. మళ్లీ 10 రూపాయలైంది. 2025 జనవరి 1 నుంచి నంబర్ ముందు 0 కూడా పోయి, పాతరోజుల్లోలాగే 5, 6, 7 అంకెలు వచ్చాయి. దాదాపు ఐదేళ్ల తర్వాత ప్యాసింజర్ మళ్లీ ‘ఉండే రైలు’ అయింది.

కొన్ని మాత్రం తిరిగి పాతరూపంలో రాలేదు. రాత్రిపూట రాజమండ్రి మీదుగా వెళ్లే మచిలీపట్నం–విశాఖ ప్యాసింజర్ ఎక్స్‌ప్రెస్ అయిపోయింది. విజయవాడ–రాయగడ ప్యాసింజర్ గుంటూరు–రాయగడ ఎక్స్‌ప్రెస్‌గా మారింది. దూరం వెళ్లేవాళ్లకి ఇది మంచిదే, త్వరగా చేరతారు. చిన్న స్టేషన్లో చెయ్యెత్తి ఆపినట్టు ఎక్కేవాళ్లకి మాత్రం ఒక బండి తగ్గింది, ఉన్న బండికి చార్జీ పెరిగింది.

మరి కోరుకొండకేంటి?

“ఇదంతా పట్టాల పక్కన ఉన్నవాళ్ల గొడవ కదా, రైలే లేని మీకేంటి నొప్పి?” అని మీరు అడగొచ్చు. అసలు నొప్పి మాకే ఎక్కువ. ఎందుకో లెక్క చూద్దాం.

విశాఖ నుంచి వందే భారత్‌లో 200 కిలోమీటర్లు రెండు గంటల చిల్లరలో వచ్చేస్తాం. దిగాక ఆటోలో గోకవరం బస్టాండ్, అక్కడ బస్సు కోసం చూపులు, తర్వాత 20 కిలోమీటర్ల ప్రయాణం. ఇంటికి చేరేసరికి ఒక్కోసారి ఇంకో గంటన్నర. రైలు ఇంకో పదిహేను నిమిషాలు వేగం పెంచినా నా ప్రయాణంలో పెద్ద తేడా రాదు. బస్సు పదిహేను నిమిషాలు ముందే వెళ్లిపోతే మాత్రం ప్రయాణం తలకిందులవుతుంది. రాత్రి లేటయితే ఆ 20 కిలోమీటర్లకి ఆటోవాడు అడిగే డబ్బు, విశాఖ నుంచి వచ్చిన టికెట్ కంటే ఎక్కువ కావచ్చు. రంపచోడవరం అవతల గూడెం నుంచి వచ్చినవాళ్లకైతే ఆ రాత్రి ప్లాట్‌ఫారమే గది.

కాబట్టి రైలు లేని ఊళ్లకి కావాల్సింది టైము కలవడం. కాకినాడ ఆసుపత్రిలో ఓపీ చూపించుకొని సాయంత్రం ప్యాసింజర్లో రాజమండ్రి దిగిన ముసలాయన, బస్సు అందుకొని ఇంటికెళ్లి అన్నం తినగలగాలి. ఈ గొలుసులో రైలు ఒక లింకు, బస్సు ఒక లింకు. రైలు రైల్వే వాళ్లది, బస్సు ఆర్టీసీ వాళ్లది. రెండు టైంటేబుళ్లూ ఒకే యాప్‌లో పక్కపక్కన ఎక్కడా కనబడవు. విమానం మారేవాళ్లకి కనెక్షన్ ఎంతసేపుందో టికెట్ మీదే రాసి ఇస్తారు. పది రూపాయల టికెట్ కొన్నవాళ్లకి ఆ మర్యాద ఇంకా రాలేదు.

సాఫ్ట్‌వేర్ కళ్లతో చూస్తే ఇది కష్టమైన పని కూడా కాదు. రైలు ఎక్కడుందో రైల్వే వాళ్ల ఎన్టీఈఎస్ యాప్‌లో ఎవరైనా చూడొచ్చు. బస్టాండ్‌లో కంట్రోలర్ టేబుల్ మీద అదే సమాచారం ఉండి, చివరి గోకవరం బస్సుని ఓ పది నిమిషాలు ఆపమని చెప్పే అధికారం ఆయనకి ఇస్తే సగం సమస్య తీరుతుంది. కొత్త పట్టా ఒక్క అడుగు వేయక్కర్లేదు.

వెళ్లేముందు నాలుగు మాటలు

ఈ రూట్లలో తిరగాలనుకునేవాళ్లకి పనికొచ్చేవి కొన్ని చెప్తా.

ఒకటి, ప్యాసింజర్ టికెట్‌కి రిజర్వేషన్ ఉండదు. క్యూలో నిలబడక్కర్లేదు, ఫోన్‌లోనే అన్‌రిజర్వ్‌డ్ టికెట్ తీసుకోవచ్చు. 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో రిజర్వేషన్, అన్‌రిజర్వ్‌డ్ రెండూ ఉన్నాయి.

రెండు, ప్యాసింజర్ టికెట్‌తో రత్నాచల్ ఎక్కకూడదు. ఎక్స్‌ప్రెస్ చార్జీ వేరు, దాని మీద సూపర్‌ఫాస్ట్ అదనం వేరు. నంబర్ ముందు అంకెలు చూసుకొని టికెట్ కొనండి.

మూడు, రోజూ తిరిగేవాళ్లకి సీజన్ టికెట్ ఉంది. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. కాకినాడ, ఏలూరు, భీమవరం, తుని అన్నీ రాజమండ్రికి ఆ లోపే.

నాలుగు, ఒక్కరోజు ఖాళీ దొరికితే పొద్దున్నే రాజమండ్రిలో విశాఖ వైపు ప్యాసింజర్ ఎక్కి అన్నవరం దాకా వెళ్లిరండి. బిక్కవోలు గుళ్లు, సామర్లకోట భీమేశ్వరుడు, పిఠాపురం, అన్నవరం అన్నీ ఒకే లైన్ మీద ఉన్నాయి. నేస్తాలతో వెళ్తే ఇంకా బాగుంటుంది. కిటికీ పక్కన కూర్చుంటే పల్లీలు, జామకాయలు, మామిడి తాండ్ర అమ్మేవాళ్లు వస్తుంటారు. ఏసీ పెట్టెలో ఇవేవీ ఉండవు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. అప్పటికి రాజమండ్రి స్టేషన్‌కి కొత్త హంగులు వస్తాయని అందరూ ఎదురుచూస్తున్నారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, పెద్ద హాలు రావాలి, తప్పులేదు. ఆ పన్నెండు రోజుల కోసం వందల ప్రత్యేక రైళ్ల గురించి కూడా మాట్లాడతారు. మన ప్రాంతం కుర్రాళ్లం, ఎంపీలకీ అధికారులకీ సోషల్ మీడియాలో ట్యాగ్ చేసేవాళ్లం, ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడుగుదాం. పుష్కరాలు అయిపోయిన పదమూడో రోజు మేడపాడులో ఎన్ని బండ్లు ఆగుతాయి? రాత్రి చివరి ప్యాసింజర్ వచ్చేసరికి గోకవరం బస్టాండ్‌లో బస్సు ఉంటుందా?